అమ్మకి పోసిన ఎర్రనీళ్ళు

మా తమ్ముడు పోయిన ఆదివారం ఉక్కునగరం నుంచి పెందుర్తిలో మా ఇంటికి వచ్చి, సంచిలోంచి ఒక తెల్లటి ప్యాకెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. స్నానం నీళ్ళలో కలుపుకునే ఉప్పుట. మెగ్నీషియం ఉప్పు. ఒక గుప్పెడు బకెట్లో వేసి, అందులో కాళ్ళు ముంచుకుని కూర్చుంటే అది చర్మంలోంచి లోపలికి దిగి, ఎముకలకి పట్టి, నా మోకాళ్ళ నొప్పులు తగ్గిపోతాయట. "ప్యాకెట్టు మీద రాసుందప్పా, సదువుకో," అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటారు, జుట్టు నెరిసినా వాడు నన్ను అలాగే పిలుస్తాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పిన దాన్ని, నాకు వచ్చి వీడు పాఠం చెబుతున్నాడేమిటని ఒళ్ళు మండింది. "ఎంత దిగుతుందిరా లోపలికి?" అన్నాను. "ఎంతో కొంత దిగకుండా ఉంటాదేటి? రోజూ సేత్తన్నాం మా కోలనీలో అందరం," అన్నాడు. కాఫీ తాగి, నా మొహం చూసి, సంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

వాడు వెళ్ళాక ఆ ప్యాకెట్టుని అలమార్లో పడేశాను. మళ్ళీ తీశాను. కళ్ళజోడు పెట్టుకుని వెనక రాసిందంతా చదివాను. పాలు పొయ్యి మీద పెట్టి బాల్కనీలోకి వచ్చి నిలబడి, అవి పొంగి పోయేదాకా అక్కడే ఉన్నాను. ఆ వారమంతా కాలుకాలిన పిల్లిలా తిరిగాను. పుస్తకం తీస్తే రెండు పేజీలు సాగలేదు, టీవీ పెడితే ఎవరేం మాట్లాడుతున్నారో చెవికెక్కలేదు. అది వాడి మీద కోపం కాదు. నీళ్ళలోని ఖనిజం తోలులోంచి ఒంట్లోకి దిగుతుందా దిగదా అన్న తగువు మా ఇంట్లో చాలా పాతది. వీడు కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ బతకడం ఆ తగువు ఎటు తేలుతుందన్న దాని మీదే ఆధారపడింది. ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. అమ్మ చెప్పలేదు, నాన్న చెప్పలేదు, వాడికి ఊహ తెలిసేసరికి మామ్మే లేదు. ఇప్పుడు చెప్పడానికి మిగిలింది నేనొక్కదాన్నే, చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

అప్పట్లో మేం వన్ టౌన్లో టోకు దుకాణాల వెనక సందులో ఒక వాటాలో అద్దెకుండేవాళ్ళం. సందు మొదట్లో మిరపకాయల బస్తాల ఘాటుకి తుమ్ముకుంటూ, తరవాత బెల్లం దిమ్మల వాసనలోంచి, ఆ తరవాత తడిసిన గోనెల వాసనలోంచి నడిస్తే మా వాకిలి వచ్చేది. గాలి తిరిగితే ఓడరేవు వైపు నుంచి తారు, మసి, ఎండుచేపల వాసన అన్నీ కలిసి లోపలికి కొట్టేవి. ఓడ కూత వేసినప్పుడు అరమరలో గ్లాసులు సన్నగా మోగేవి. నాకు అప్పుడు పన్నెండేళ్ళుంటాయేమో. నలుగురు మనుషులం, ఒకటిన్నర గది, వెనక అందరికీ కలిపి ఒక పెరడు. తాగడానికీ వండడానికీ సందులో కుళాయి నీళ్ళు పొద్దున్నే పట్టుకోవాలి. మిగతా అవసరాలన్నిటికీ పెరట్లో బోరింగే దిక్కు.

ఆ బోరింగు నీళ్ళ గురించి కాస్త చెప్పాలి. కొట్టినప్పుడు తేటగా, చల్లగా వచ్చేవి. కొత్తగా చూసినవాళ్ళు దోసిలి పట్టి తాగబోయేవాళ్ళు. బకెట్లో కాసేపు ఉంచితే పసుపు తిరిగేవి, ఇంకాసేపటికి మీద తెట్టు కట్టేది, సాయంత్రానికి అడుగున ఎర్రటి మడ్డి దిగేది. అరిగిపోయిన పాత పైసల్ని చేతిలో నలిపితే వచ్చే వాసన వచ్చేది. భూమిలోనే ఇనుముందని ఇంటాయన అనేవాడు, లోపల గొట్టం తుప్పుపట్టిందని అద్దెకున్నవాళ్ళం అనేవాళ్ళం. ఏదైతేనేం, బోరింగు చుట్టూ సిమెంటు గచ్చు ఇటిక రంగయిపోయింది, మా సిమెంటు గాబు లోపలి గోడలు ఎంత రుద్దినా తెల్లబడేవి కావు. బళ్ళో తెల్ల జాకెట్టు వేసుకోవాలి. నాది ఎప్పుడూ మజ్జిగపులుసు రంగులో ఉండేది. ప్రార్థనలో నన్ను వరసలోంచి బయటికి లాగి నిలబెట్టేవాళ్ళు. ఇంటికొచ్చి సంచి విసిరికొట్టి, ఆ బోరింగుని కాలితో తన్ని, నా బొటనవేలే వాచేలా చేసుకున్న రోజులున్నాయి.

నాన్న ఓడరేవులో ఇనప ఖనిజాన్ని ఓడలకెక్కించే చోట పనిచేసేవాడు. షిఫ్టు దిగి వచ్చేసరికి కనుబొమల నుంచి చీలమండల దాకా ఎర్రగా ఉండేవాడు. గుమ్మం ఎక్కనివ్వకుండా అమ్మ ఆయన్ని అటునుంచి అటే పెరట్లోకి పంపేది. ఆయన నెత్తిన మొదటి చెంబు పోసుకున్నప్పుడు గచ్చు మీద కారే నీళ్ళని మామ్మ అరుగు మీద కూర్చుని ముచ్చటగా చూసేది. మామ్మ అంటే నాన్నకి అమ్మ. విజయనగరం అవతల పల్లెలో నువ్వు చేలు, గోగు చేలు చేసుకుని బతికిన మనిషి. కొడుక్కి పట్నంలో ఉద్యోగం వచ్చాక మాతో ఉండిపోయింది. ఇక్కడ చేను లేదు, పశువు లేదు, కళ్ళం లేదు, చేతులకి పని చాలేది కాదు. "సూడే, ఆడి ఒంటికి రోజూ ఇనుం పడతన్నాది. ఒక్కనాడైనా జ్వరం ఒచ్చినాదా ఆడికి? గొడ్డలి పట్టినా తెగడు," అనేది నాతో. అది నిజమే, నాన్న జ్వరంతో పడుకోవడం నేను చూళ్ళేదు.

అమ్మ అలా కాదు. అమ్మ వాళ్ళది గోదావరి వైపు, మా తాత కూడా ఓడరేవు ఉద్యోగానికే ఇక్కడికి వచ్చి, ఇక్కడే పిల్లనిచ్చాడు. సన్నగా, తెల్లగా, మాట పైకి రాని మనిషి. నా తరవాత రెండు కాన్పులు నిలవలేదు. మళ్ళీ నెల తప్పినప్పటి నుంచీ ఆమె తెలుపు ఇంకో రకంగా మారింది. బియ్యం ఏరుతూ ఏరుతూ చేట ఒళ్ళోనే పెట్టుకుని కళ్ళు మూసుకునేది. బోరింగు నాలుగు దెబ్బలు కొట్టి గోడ పట్టుకుని నిలబడేది. జాలరిపేట నుంచి చేపల గంపతో ఆడవాళ్ళు సందులోకొచ్చి "సేపలమ్మా సేపలో" అని కేకేస్తే చాలు, వాంతి. పచ్చి బియ్యం, గోడ సున్నం, పలక బలపం, ఏది దొరికితే అది నమిలేది. ఆస్పత్రిలో లేడీ డాక్టరు చూసి, ఒంట్లో రక్తం బాగా తక్కువుందనీ, కాన్పులో కొద్దిగా పోయినా ఈ మనిషి తట్టుకోలేదనీ, ఇనుము మాత్రలు మానకుండా మింగాలనీ చెప్పింది. ఆ మాట నాన్న ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడే చెప్పాడు. చెప్పి, ఇంట్లోకి రాకుండా మళ్ళీ సందులోకి వెళ్ళిపోయాడు.

మాత్రలు అమ్మకి పడలేదు. మింగిన గంటకే కడుపులో దేవేది, అన్నంతో పాటు అన్నీ బయటికొచ్చేవి. నిలిచిన రోజున విరోచనం నల్లగా అయ్యిందని హడలిపోయింది. పొట్టలో పిల్ల ఏమవుతుందోనని మానేసింది. అప్పుడే మామ్మకి ఆ ఆలోచన వచ్చింది. మాత్రలోనూ ఇనుమే, బోరింగులోనూ ఇనుమే. నోటి గుండా పడనిది ఒంటి గుండా ఎందుకు పంపకూడదు? "గచ్చుకి అంటుకున్నాది, గాబుకి అంటుకున్నాది, నీ జాకెట్టుకి అంటుకున్నాది," అంది నాతో, నా జాకెట్టు కొస పట్టుకుని లాగుతూ. "ఇన్నిటికి ఎక్కిన రంగు మడిసి ఒంట్లోకి ఎల్లదేటే?" నా దగ్గర ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం నా జాకెట్టే, అది ఆవిడ వైపు మాట్లాడుతోంది.

అప్పటి నుంచీ మా ఇంట్లో పొద్దుటి పనులన్నీ ఆ స్నానం చుట్టూ తిరిగాయి. మామ్మ దానికి ఒక పద్ధతి పెట్టింది. ముందురోజే బోరింగు కొట్టి గాబు నింపాలి, రాత్రంతా కదపకూడదు. తెల్లవారాక పైనీళ్ళు మెల్లగా ముంచి కాగులో పోసి, కొబ్బరి మట్టలు పెట్టి మంట వెయ్యాలి. ఒంటికి నూనె రాయకూడదు, రాస్తే ఇనుము జారిపోతుంది. సున్నిపిండితో నలుగు పెట్టి తోలు మెత్తబడేదాకా రుద్దాలి. అప్పుడు గాబు అడుగున మడ్డి దోసిట్లోకి తీసుకుని, అరచేతులకీ అరికాళ్ళకీ గోళ్ళకీ పట్టించాలి. ఆ పైన వేణ్ణీళ్ళు. పోశాక తువ్వాలు ముట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం అదే. "తుడిసీసినావంటే పోసిందంతా తువ్వాలు తాగీసినట్టే," అనేది. అమ్మ తడి చీర చుట్టుకుని పెరట్లో పీట మీద, ఎండ తగిలే చోట, ఒళ్ళు ఆరేదాకా కూర్చోవాలి. కూర్చునేది. పొద్దుటెండలో కళ్ళు మూసుకుని ఆమె అలా కూర్చుని ఉండగా నాకు లోపల కుదురుండేది కాదు. ఏదో జరగాలి, ఎప్పుడు జరుగుతుంది, ఎలా తెలుస్తుంది అని వచ్చీ పోయీ ఆమె మొహంలోకి చూసేదాన్ని. "ఏంటే అలా చూస్తావు, వెళ్ళి జడ వేసుకో," అనేది అమ్మ.

మామ్మ గయ్యాళి అత్తేం కాదు. ఆ మాట ఇక్కడే చెప్పాలి, లేకపోతే ఈ కథ వేరే దారి పడుతుంది. కోడలి వీపు రుద్దే అత్తని మా సందులో ఇంకెక్కడా చూళ్ళేదు. "వద్దండీ అత్తయ్యగారూ, నేను పోసుకుంటాను," అని అమ్మ సిగ్గుపడుతుంటే, "ఊరుకోయే అమ్మీ, నా కూతురికైతే పొయ్యనేటి?" అని బుజాలు పట్టుకుని కూర్చోబెట్టేది. ఆవిడకి కూతుళ్ళు లేరు. ఒకత్తె పుట్టి పెద్దదై, బాలింతరాలిగా పోయింది. అది మామ్మ ఎప్పుడో ఒకసారి అంది, మళ్ళీ ఎత్తలేదు. కాగు దించేటప్పుడు ఆవిడ ముంజేతి మీద బొబ్బలు లేచేవి, వాటి మీద పేడ రాసుకుని మర్నాడు మళ్ళీ కాగెత్తేది.

నేను ఊరుకునే రకం కాదు. బళ్ళో సైన్సు టీచర్ని అడిగాను. చర్మం ఒంటికి కోటగోడ, బయటివి లోపలికి రానివ్వదు అని చెప్పారావిడ. అది పట్టుకుని పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చాను. "నీళ్ళలో ఉన్నది లోపలికి దిగేటట్టయితే మామ్మా, జాలరిపేటోళ్ళు పొద్దస్తమానం సముద్రంలోనే ఉంటారు కదా, ఈపాటికి ఉప్పుచేపలైపోవాలి కదా," అన్నాను. అమ్మ నవ్వింది. ఆ నెలల్లో ఆమె నవ్వడం నాకు గుర్తున్నది అదొక్కసారే. మామ్మ నవ్వలేదు, సున్నిపిండి కలుపుతూ ఆలోచించింది. "ఆలు తానం సేత్తన్నారేటి? పని సేత్తన్నారు. నలుగెట్టి, యేన్నీళ్ళు పోసి, ఎండలో కూకోబెడితే గదా దిగడం," అంది. అంతటితో వదల్లేదు. "పసిపిల్లకి బొడ్డు సుట్టూ ఆముదం రాత్తే కడుపు కదల్తాది, నీకే కదిలినాది. బయట రాసింది లోపలికి ఎల్లకుండానే?" సైన్సు టీచరు కోటగోడ అక్కడ కూలిపోయింది. తరవాత ఇన్నేళ్ళు చదివి, చెప్పి నాకు తెలిసింది ఏమిటంటే, మామ్మ పూర్తిగా తప్పేం అనలేదు. నూనెల్లో కలిసేవి, చిన్నవి, కొన్ని మందులు తోలు దాటి వెళతాయి. నీళ్ళలో కరిగిన ఇనుములాంటివి మాత్రం ఆ పై పొర దగ్గరే ఆగిపోతాయి, వెంట్రుకల మొదళ్ళలోంచి కాస్తేమైనా జారినా ఆ పిసరు మనిషికి అక్కరకి రాదు. కానీ ఇది పెరట్లో పన్నెండేళ్ళ పిల్లకి తెలిసే సంగతి కాదు. తెలిసినా, ఆ కాగు ముందు నా మాట ఎవరు వింటారు?

ఇంతలో అమ్మ చేతులు ఎర్రబడ్డాయి. నిజంగానే ఎర్రబడ్డాయి. ముందు గోళ్ళ చివళ్ళు, తరవాత అరచేతుల గీతలు, తరవాత మడమలు. పక్క వాటా ఆవిడ పప్పు అరువుకొచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మో, రగతం ఎలగ పట్టినాదో సూడండే!" ఆ కబురు పొద్దు వాలేలోపు సందంతా తిరిగింది. నాన్న ఆ రోజు స్నానం చేసి వచ్చి, అమ్మ చెయ్యి తీసుకుని తన చేతి పక్కన పెట్టుకుని చూశాడు. రెండూ ఒకే రంగు. ఆయన మొహం విప్పారింది. "మాత్రలు మానీసినా పరవాలేదులే అమ్మా, నువ్వు పొయ్యి," అన్నాడు మామ్మతో. నాకూ సంబరంగానే ఉంది. కానీ ఆ ఎర్రచేతుల మనిషే బియ్యం చేట దించి ఎందుకు ఆయాసపడుతోందో, రెండు మెట్లెక్కి ఎందుకు చాతీ పట్టుకుంటోందో అర్థమయ్యేది కాదు. మామ్మనడిగితే, కొత్త రక్తం పట్టేటప్పుడు అలాగే ఉంటుందంది.

ఎనిమిదో నెలలో మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాం. అక్కడి బోర్డులు చదవడానికి మామ్మ నన్ను వెంటబెట్టుకుంది. రిక్షాలో దారి పొడుగునా మామ్మ ఉత్సాహం ఇంతా అంతా కాదు. డాక్టరమ్మకి చూపించాలని అమ్మ చేతులకి ఆ పొద్దున మడ్డి ఇంకాస్త దట్టంగా పట్టించింది. గదిలోకి వెళ్ళగానే లేడీ డాక్టరు అమ్మ చేతులు చూసి, "గోరింటాకా?" అంది. "కాదమ్మా, ఇనుం," అంది మామ్మ. చెప్పడం మొదలుపెట్టింది. గాబు, మడ్డి, కాగు, నలుగు, ఎండ, తువ్వాలు ముట్టకపోవడం, అన్నీ చెప్పింది. డాక్టరు మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక లేచి వచ్చి, అమ్మ గడ్డం ఎత్తి, బొటనవేలితో కింది కనురెప్ప కిందికి లాగింది. చూసి, అలాగే పట్టుకుని, "ఇలా రండి, మీరూ చూడండి," అని మామ్మని పిలిచింది.

నేనూ తొంగిచూశాను. కనురెప్ప లోపల ఎర్రగా ఉండాల్సిన చోట ఏ రంగూ లేదు. తరవాత డాక్టరు మామ్మ రెప్ప లాగి అద్దంలో చూపించింది, నా రెప్ప లాగి మామ్మకి చూపించింది. మా ఇద్దరికీ ఎర్రగా ఉంది. మళ్ళీ అమ్మది చూపించింది. అప్పుడు దూదిని ఏదో మందులో తడిపి అమ్మ బొటనవేలి గోరు గట్టిగా రుద్దింది. దూది ఇటిక రంగుకి తిరిగింది. గోరు తెల్లగా బయటపడింది. "నీళ్ళలో ఇనుము తోలు మీదే ఉండిపోతుందమ్మా. లోపలికి వెళ్ళదు. ఈవిడ ఒంట్లో రక్తం పోయినసారి కన్నా తగ్గింది. ఇలాగే కాన్పుకొస్తే నేను ఈవిణ్ణి బతికించలేను," అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మామ్మ బల్ల అంచు పట్టుకుంది. "రోజూ పోసినాను గదమ్మా," అంది. "పోశారు," అంది డాక్టరు, "అందుకే ఇప్పుడు మీరే ఈవిణ్ణి ఇక్కడికి తీసుకురావాలి. సూదిమందు రాస్తాను. రోజు విడిచి రోజు. ఒక్కటి తప్పినా నాది పూచీ కాదు."

ఆ సూదులు నరకం. తుంటిలోకి ఇచ్చేవాళ్ళు, అక్కడ గట్టిగా గడ్డ కట్టి నల్లటి మచ్చ పడేది, అమ్మ ఒక పక్కకే పడుకునేది. అయినా ఒక్కటి కూడా తప్పలేదు. రిక్షా దొరక్కపోతే మామ్మ ఆమెని నడిపించుకుని, ప్రతి అరుగు మీదా కూర్చోబెట్టి లేపుతూ తీసుకెళ్ళింది. ఇంటికొచ్చాక గుడ్డ వేడిచేసి తుంటి మీద కాపేది. కానీ మాట పోయింది ఆవిడకి. అరుగు మీద కూర్చుంటే కూర్చున్నట్టే. గాబు నిండా నీళ్ళు అలాగే తెట్టు కట్టి నిలిచి ఉండేవి. అమ్మ ఒకరోజు, "అత్తయ్యగారూ, కాసిని వేణ్ణీళ్ళు పోద్దురూ, ఒళ్ళు పులిసిపోయింది," అంది. మామ్మ లేచి, కుళాయి నీళ్ళు కాచి తెచ్చి పోసింది. తువ్వాలు ఆవిడే అందించింది. అప్పుడు నేను చూశాను, మామ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగి ఏడుస్తోంది. నాకు ఆవిడ మీద జాలీ కోపమూ రెండూ ఒకేసారి వచ్చాయి, రెంటిలో ఏదీ ఓ చోట నిలవలేదు.

తమ్ముడు పుట్టాడు. అరచెయ్యంత మనిషి, ఏడుపు మాత్రం ఓడ కూత. అమ్మకి రక్తం పోయింది, భయపడినంతా పోయింది, కానీ బతికింది. సూదులు పడకపోయి ఉంటే తన చేతుల్లో ఏమీ ఉండేది కాదని డాక్టరు నాన్నతో చెప్పింది. నాన్న ఆస్పత్రి వసారాలో కూలబడి, గట్టిగా, సిగ్గులేకుండా ఏడ్చాడు. సందులో మాత్రం వేరే కథ నడిచింది. ఆడవాళ్ళకి సూదుల సంగతి పట్టలేదు. వాళ్ళు చూసింది ఎర్రచేతులు, ఆ పైన మగపిల్లాడు. అమ్మ పురిటిస్నానం కాకముందే బోరింగు దగ్గర కొత్త మొహాలు కనిపించాయి. బిందెలు, డబ్బాలు పట్టుకుని రెండు సందుల అవతల నుంచి కూడా వచ్చేవాళ్ళు. "మామ్మా, మడ్డి ఎంతసేపుంచాల? నలుగు ముందా, ఎనకా?" అని అడిగేవాళ్ళు. మామ్మ అవునూ అనేది కాదు, కాదూ అనేది కాదు. తల అటు తిప్పుకునేది. నాకు ఉండబట్టేది కాదు. ఒకసారి నోరు తెరిచాను కూడా. అమ్మ లోపలికి లాగి, నా మణికట్టు పట్టుకుని, "పెద్దావిడే. ఇప్పటికే చచ్చినంత పనైంది ఆవిడకి. నలుగురిలో ఆ మాట అనకు," అంది. "ఎవరికైనా ఏమన్నా అయితే?" అన్నాను. అమ్మ నా మణికట్టు వదల్లేదు.

ఇన్నేళ్ళ తరవాత నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది ఇదే. అప్పుడు ఖనిజం బోరింగు నీళ్ళలో ఊరికే వచ్చేది, ఇప్పుడు ప్యాకెట్టులో వస్తోంది, అంతే తేడా. తోలు మారలేదు. అప్పటి తోలు దేన్ని ఆపిందో ఇప్పటి తోలూ దాన్నే ఆపుతుంది. గోరువెచ్చటి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, కాదనను, ఆ హాయి వేణ్ణీళ్ళది. మోకాళ్ళకి ఉప్పు పట్టకపోతే పోయేదేం లేదు, మా తమ్ముడు నాలుగు రోజులు ముచ్చట తీర్చుకుంటాడు. ఒంట్లో నిజంగా ఏదో తరిగిపోతున్న మనిషి ఆ ప్యాకెట్టు నమ్ముకుని మందు మానేస్తే? వాడి కోలనీలో అందరూ చేస్తున్నారట. చేసి చూశాను, పనిచెయ్యలేదు అని చెప్పేవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా అక్కడ? పనిచేసిందని చెప్పడానికి సందంతా ఉంటుంది. పనిచెయ్యలేదన్న మాట చెప్పాలంటే మనిషి ఎంత కిందికి దిగాలో నేను చూశాను.

బాలింతరాలి గదిలో సాంబ్రాణి పొగ ఇంకా పోని రోజుల్లోనే ఒక పొద్దున, పైడమ్మ అని చివరింటి పిల్ల, ఆరో నెల కడుపుతో తల్లిని వెంటబెట్టుకుని గంగాళంతో వచ్చింది. ఆ వేళకి బోరింగు చుట్టూ ఆడవాళ్ళు నిండా ఉన్నారు. అమ్మ తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని గుమ్మం లోపల కూర్చుంది, నేను పక్కన. పైడమ్మ తల్లి, "మా పిల్లకి ఆస్పత్రోళ్ళు మాత్తర్లు రాసినారు మామ్మా. అయ్యి ఎందుకులే, మీ కోడలికి పోసినట్టు ఈ నీళ్ళే పోసీమని తెచ్చీసినాను," అంది. మామ్మ అరుగు మీద నుంచి పైడమ్మ వైపు చూసింది. లేచింది. గచ్చు దాటి వెళ్ళి ఆ పిల్ల గడ్డం ఎత్తి, బొటనవేలితో కింది రెప్ప లాగింది. బోరింగు కొడుతున్నావిడ చెయ్యి ఆపింది. అమ్మ ఒళ్ళో పిల్లాడితోనే సగం లేచింది.

"గంగాళం ఎత్తీ," అంది మామ్మ. "ఈ నీళ్ళు ఒంట్లోకి దిగవు. నాను పోసి సూసినాను. నా సేతుల్తో, రోజూ, నలుగెట్టి పోసినాను. దిగలేదు. ఇంకాస్తుంటే నా కోడలు సచ్చిపోయీదే." పైడమ్మ తల్లి, "అదేటి మామ్మా, మరి ఎర్రగయ్యింది గదా..." అని ఏదో అనబోయింది. మామ్మ వినలేదు. తన రెండు అరచేతులూ వాళ్ళ ముందు చాపింది. మడ్డి పట్టించి పట్టించి, ఇప్పటికీ ఆ నీళ్ళతోనే గిన్నెలు తోమి, కోడలి చేతుల కన్నా ఎర్రగా అయిపోయి ఉన్నాయవి. "ఇదిగో, సూడండి, నా సేతులూ ఎర్రగున్నాయి. ఏటి లాభం? పిల్లని తీసుకొని ఆస్పత్రికెల్లు. ఇప్పుడే ఎల్లు. నాను కూడా ఒత్తన్నాను, పద," అని, చెప్పుల్లేకుండానే వాళ్ళ ముందు సందులోకి నడిచింది.